మీకు తెలుసా? విర్కోవ్ కంటికే దొరకని క్యాన్సర్

జర్మనీ చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ సింహాసనమెక్కే నాటికే ఆయన గొంతు మూగబోయింది. ఏలింది 99 రోజులే. చెప్పదలుచుకున్నదల్లా చీటీల మీద రాసిచ్చేవాడు.

1887 జనవరిలో, ఇంకా యువరాజుగా ఉండగానే గొంతు బొంగురుపోయింది. ప్రొఫెసర్ గెర్హార్ట్ అద్దం పెట్టి చూస్తే ఎడమ స్వరతంత్రి మీద చిన్న కండ. కాల్చిన తీగతో మాడిస్తే మళ్లీ మొలిచింది. ఇది క్యాన్సరే, గొంతు కోసి తీసేద్దామని మే నెలలో బెర్లిన్ వైద్యులు సిద్ధమయ్యారు. లండన్ నుంచి వచ్చిన గొంతు వైద్యుడు మోరెల్ మెకెంజీ మాత్రం ముక్క తీసి పరీక్షించందే కత్తి పెట్టొద్దన్నాడు. ఆ ముక్కల్ని చూసింది సామాన్యుడా? పాథాలజీకి పెద్దదిక్కు రుడాల్ఫ్ విర్కోవ్! క్యాన్సర్ కనబడలేదన్నాడాయన. ఆపరేషన్ ఆగింది. నవంబరుకల్లా అది క్యాన్సరేనని వైద్యులకు అనుమానం తీరిపోయింది. 1888 ఫిబ్రవరిలో ఊపిరాడక గొంతుకు రంధ్రం పెట్టారు. జూన్ 15న చక్రవర్తి కన్నుమూశాడు. శవపరీక్షలోనూ అదే రుజువైంది.

అది వెర్రుకస్ కార్సినోమా అయ్యుంటుందని తర్వాతి వైద్యుల్లో కొందరి ఊహ. పులిపిరిలా పైకి లేచే ఈ అరుదైన రకాన్ని 1948లో అకెర్మన్ విడిగా వర్ణించాడు. పైపైన గిల్లిన ముక్కలో దాదాపు మామూలు కణాలే కనిపిస్తాయి. అసలు గుట్టంతా గడ్డ అడుగున, కింది కండను ఒత్తుకుంటూ దిగే చోట ఉంటుంది. అందుకే దీనికి లోతైన ముక్క కావాలి. నా మటుకు నేను విర్కోవ్‌ను తప్పుపట్టను. చేతికందిన ముక్కలో ఉన్నదే చెప్పాడు.

స్వరపేటిక క్యాన్సర్లలో నూటికి 90కి పైగా ఒకే జాతివి, స్క్వామస్ సెల్ రకం. తంటా అంతా అరుదైన గడ్డలతోనే. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్‌ది తలకిందుల వరస: సాధారణంగా ప్రమాదం లేని గడ్డే, కానీ మీది పొర దళసరెక్కి క్యాన్సర్‌లా భ్రమపెడుతుంది. పైముక్కనే నమ్మితే అక్కర్లేని పెద్ద ఆపరేషనే గతి. కాండ్రోసార్కోమా ఎక్కువగా స్వరపేటికలోని క్రైకాయిడ్ మృదులాస్థిలో, నున్నటి పొర చాటున పెరుగుతుంది. రాయిలాంటి దాని గట్టిదనానికి ముక్క తీయడమే కష్టం. సీటీ స్కాన్‌లో కనిపించే సున్నపు మచ్చలే దాన్ని పట్టిస్తాయి. చాలావరకు నెమ్మదిగా పెరిగేదే కాబట్టి, వీలైతే స్వరపేటికను కాపాడుతూ గడ్డ వరకే తీస్తారు. పారాగాంగ్లియోమా నిండా రక్తనాళాలే, కోస్తే రక్తస్రావం భయం. అనుమానం వస్తే ముందు స్కాన్, ముక్క సంగతి ఆ తర్వాతే.

గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి, పొగతాగేవారైతే మరీనూ. రిపోర్టు బాగుందన్నా గొంతు బాగుపడకపోతే ఊరుకోకండి. బయాప్సీ ముక్కను మైనం దిమ్మలో భద్రపరుస్తారు. ఆ బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకుని మరో పాథాలజిస్టుకు చూపించండి.