కోడికూర తింటేనే బ్యాట్ పలికేది

రాత్రి ఆట ఉన్న రోజు వేడ్ బాగ్స్ సరిగ్గా 5:17కి బ్యాటింగ్ సాధన మొదలుపెట్టేవాడు. 7:17కి పరుగెత్తే సాధన. మైదానంలోకి దిగేముందు మాత్రం కోడికూర పడాల్సిందే. 1980ల్లో బేస్‌బాల్ జట్టు బాస్టన్ రెడ్ సాక్స్‌కు ఆడిన బాగ్స్ ఈ నియమం ఏనాడూ తప్పలేదు. బ్యాట్ పట్టి నిలబడ్డ ప్రతిసారీ మట్టిలో 'ప్రాణం' అనే అర్థమున్న ఒక హీబ్రూ మాట గీసేవాడు. పోనీ యూదుడా అంటే కాదు. 1984లో ఏకంగా కోడి వంటల పుస్తకమే వేశాడు. మొత్తం 3,010 హిట్లు (బంతిని కొట్టి బేస్ అనే మజిలీకి సురక్షితంగా చేరడం) కొట్టి, 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించాడు.

టర్క్ వెండెల్ అనే పిచర్‌ది ఇంకో దారి. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య పళ్లు తోముకునేవాడు. మెడలో జంతువుల కోరల దండ వేసుకునేవాడు. మైదానంలో గీసిన తెల్ల గీతను తొక్కకుండా ఎగిరి దాటేవాడు.

వీళ్లిద్దరినీ విడ్డూరపు మనుషులని నవ్వి వదిలేయొచ్చు. కానీ జట్టంతా కలిసి పాటించే ఆచారం ఒకటుంది. పిచర్ ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా వేస్తున్నాడనుకోండి, ఆ మాట ఎవరూ పైకి అనకూడదు. 1956 అక్టోబర్ 8న, ఆ ఏటి విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ పిచర్ డాన్ లార్సెన్ వరుసగా 27 మంది బ్యాటర్లనూ బేస్ చేరకుండానే వెనక్కి పంపాడు. ఆట మధ్యలో ఆ సంగతి లార్సెనే ఎత్తబోతే, తోటి ఆటగాడు మికీ మాంటిల్ మాట్లాడకుండా పక్కకు తప్పుకున్నాడు. క్రికెట్ చివరి ఓవర్లలో కూర్చున్నవాళ్లను కదలనివ్వని మన ఇళ్లకు ఈ భయం కొత్తేమీ కాదు.

ఎందుకిలా? సమాధానం వెతికినవాడూ ఆటగాడే. 1960ల్లో డెట్రాయిట్ టైగర్స్ దిగువ స్థాయి జట్లకు ఆడిన జార్జ్ గ్మెల్చ్ ఆ తర్వాత మానవశాస్త్రం చదివాడు. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల జాలర్ల గురించి మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ రాసింది అతని కంటపడింది. ఒడ్డు పక్కన నిలకడ నీళ్లలో చేపలు పట్టేటప్పుడు ఆ జాలర్లకు మంత్రాలతో పని లేదు. అక్కడ చేపా ఖాయం, ప్రాణానికీ భయం లేదు. నడిసముద్రానికి పోయేటప్పుడే తంతులన్నీ.

గ్మెల్చ్‌కు తన ఆటలోనూ అదే కనిపించింది. ఫీల్డర్ దగ్గరికొచ్చిన వంద బంతుల్లో 97కి పైగా సవ్యంగానే చేతికి చిక్కుతాయి. బ్యాటర్ పదిసార్లకు మూడుసార్లు హిట్ కొడితే గొప్పవాడి కింద లెక్క. పిచర్ ఎంత బాగా వేసినా ఓడిపోవచ్చు. అందుకే తాయెత్తులూ తంతులూ బ్యాటింగ్, పిచింగ్ చుట్టూనే అల్లుకున్నాయి, ఫీల్డింగ్ జోలికి పెద్దగా పోలేదు. 1971లో అతను రాసిన వ్యాసం సారం ఇదే.

మరి ఆట తన చేతిలో బొత్తిగా లేని అభిమాని సంగతి? న్యూయార్క్‌లో యాంకీస్ కొత్త స్టేడియం కడుతుండగా, ప్రత్యర్థి జట్టు రెడ్ సాక్స్‌ను అభిమానించే కూలీ ఒకడు ఆ జట్టు ఆటగాడు డేవిడ్ ఓర్టిజ్ పేరున్న చొక్కాను కాంక్రీటులో పూడ్చిపెట్టాడు. అచ్చం చేతబడే. సంగతి బయటపడగానే 2008 ఏప్రిల్‌లో యాంకీస్ యాజమాన్యం కాంక్రీటు పగలగొట్టించి మరీ దాన్ని బయటికి తీయించింది. ఆ చిరుగుల చొక్కా వేలంలో 1,75,100 డాలర్లు పలికింది. డబ్బు బాస్టన్‌లో క్యాన్సర్ వైద్యానికి తోడ్పడే జిమ్మీ ఫండ్‌కు చేరింది. మరుసటి ఏడాది, ఆ స్టేడియంలో ఆడిన మొదటి సీజన్‌లోనే, యాంకీస్ వరల్డ్ సిరీస్ గెలిచింది.