తూటా లావు, తూటా ఖర్చు

ఖిలా వరంగల్‌కు వచ్చినవాళ్లు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి, రాతికోట చూసి వెళ్లిపోతారు. దాని చుట్టూ ఉన్న మట్టికోట దగ్గర ఆగేవాళ్లు తక్కువ. 1310లో ఢిల్లీ సేనాని మలిక్ కాఫూర్ సేన రాళ్లు విసిరే యంత్రాలతో ముట్టడించినప్పుడు ముందు దెబ్బ కాచింది ఆ మట్టే. గుండు తగిలినా వెనక్కి ఎగిరిపడేంత గట్టి గోడ అని ఢిల్లీ సుల్తాను కొలువులోని అమీర్ ఖుస్రోనే రాశాడు.

గుండ్లు చెక్కించేవాడికి ఒక లెక్క తప్పదు. వ్యాసం రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. 15 సెంటీమీటర్ల నల్లరాతి గుండు దాదాపు 5 కిలోలుంటే, 30 సెంటీమీటర్లది 38 కిలోలు. చెక్కే కూలీ, లాగే ఎద్దులు, విసిరే యంత్రం అన్నీ దానితోపాటే పెరుగుతాయి. పిస్తోలుకు క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వ్యాసం, ఎంచుకునేటప్పుడూ ఇదే లెక్క.

9 మిల్లీమీటర్ల తూటా సుమారు 8 గ్రాములు. సెకనుకు 360 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 500 జౌళ్లు దాటుతుంది. పాయింట్ 22 తూటా, అంటే 5.6 మిల్లీమీటర్లది, 2.6 గ్రాములే. పిస్తోలు నుంచి దాని శక్తి 120 జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. చేతిని వెనక్కి తన్నే తన్నూ మూడో వంతుకు మించదు. మన దేశంలో 9 మిల్లీమీటర్లది మామూలు పౌరులకు నిషిద్ధ బోరు కూడా.

మరి చిన్నది చవకెందుకు? పాయింట్ 22లో నిప్పు రాజేసే మందును తూటా గొట్టం అడుగు అంచులోనే నింపుతారు. దానికి వేరే టోపీ అక్కర్లేదు, పేలుడు మందు చిటికెడు చాలు, ముందుండేది ఉత్త సీసపు ముక్క. అంచులో మందు సమంగా పరుచుకోకపోతే అప్పుడప్పుడు పేలదు. ఖాళీ గొట్టాన్ని మళ్లీ నింపుకోవడానికీ వీలుండదు. ఈ లోపాలు నిజమే. అయినా కాగితం మీద రంధ్రం పడితే చాలిన చోట 500 జౌళ్లు దండగేనని నా అభిప్రాయం.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు రజతం గెలిచింది ఈ చిన్న క్యాలిబర్‌తోనే. ఆ పోటీ రెండో దశలో ఒక్కో గుండుకు దొరికేది 3 సెకన్లు. అంతకుముందు, 2018లో, 13 ఏళ్లకే జాతీయ చాంపియన్ అయింది ఇంకా చిన్న 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్తోలుతో. ఆ గుళ్ల శక్తి ఆరేడు జౌళ్లు మాత్రమే. గురి కుదరాలంటే వేల గుళ్లు కాల్చాలి. అన్ని కాల్చగలిగే ధరలో దొరికేదే సాధనకు మంచి క్యాలిబర్.

ఇక తూటా ఏదైనా చివరికి ఆగాలి. ఆరుబయట షూటింగ్ రేంజిల్లో లక్ష్యాల వెనక ఇప్పటికీ మట్టికట్టే పోస్తారు.