సూదులు వేస్తున్నా రక్తం ఎందుకు పట్టదు?

నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారామపురం వైపు డయాలసిస్ చేయించుకునే మనిషిని చూడ్డానికి వచ్చే చుట్టాలు దానిమ్మకాయలు పట్టుకొస్తారు. బీట్‌రూట్ రసం తాగమని, ఖర్జూరం తినమని చెప్పిపోతారు. రక్తం తగ్గిందంటే తిండి చాల్లేదని మన లెక్క. కిడ్నీలు పోయిన మనిషి దగ్గర ఆ లెక్క పనికిరాదు. పైగా ఆ తిండిలోని పొటాషియం బయటికి పోయే దారిలేక గుండె మీద పడుతుంది.

రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం హీమ్. ఎముక మజ్జలోని కణాలు దాన్ని ఎనిమిది అంచెల్లో తయారుచేస్తాయి. ఆఖరి అంచెలో దాని నడుమకు ఇనుము చేరుతుంది. అది గ్లోబిన్‌తో కలిస్తే హిమోగ్లోబిన్.

ఎర్రకణాలు చేయమని మజ్జకు చెప్పే ఎరిత్రోపోయిటిన్ పుట్టేది ఎక్కువగా కిడ్నీలోనే. కిడ్నీ చెడితే ఆ కబురు అందదు. 1977లో శాస్త్రవేత్త గోల్డ్‌వాసర్ బృందం ఏకంగా 2,550 లీటర్ల మూత్రం నుంచి దీన్ని వేరుచేసింది. అమెరికాలో సూదిమందుగా అనుమతి వచ్చింది 1989లో. అంతకుముందు చాలామందికి పదేపదే రక్తం ఎక్కించడమే గతి.

అయితే ఆ సూది పడుతున్నా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటనివాళ్లున్నారు. అసలు చిక్కు ఇక్కడుంది. లివర్ తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను చెడిన కిడ్నీ సరిగా బయటికి పంపలేదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే లివర్ ఇంకా ఎక్కువ చేస్తుంది. అది పేగులోని ఇనుమును రక్తంలోకి రానివ్వదు, నిల్వ ఉన్నదాన్ని కదలనివ్వదు. గాదె నిండా వడ్లున్నా తాళంచెవి పోయిన ఇల్లులాంటిది. రిపోర్టులో నిల్వ ఇనుమును చెప్పే ఫెరిటిన్ 600, రక్తంలో తిరిగే ఇనుమును చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 15 శాతం అని కనిపిస్తే చాలాసార్లు సంగతి ఇదే. ‘ఐరన్ అంతుంటే మళ్లా ఐరన్ సూదెందుకు సార్?’ అనే ప్రశ్న న్యాయమైనదే. ఒంట్లో ఉన్నది మజ్జకు చేరడం లేదు, అందుకు. డయాలసిస్ ట్యూబుల్లో మిగిలిపోయే రక్తం, పరీక్షలకు తీసే రక్తం కలిపి ఏడాదికి 1 నుంచి 3 గ్రాముల ఇనుము పోతుంది కూడా. మాత్రలతో అది పూడటం కష్టం కాబట్టే నరానికి ఎక్కిస్తారు.

హీమ్ తయారీ మధ్యలో పుట్టే పోర్ఫిరిన్లు డయాలసిస్‌లో సరిగా పోవు. కొందరికి ఎండ తగిలిన చోట, ముఖ్యంగా అరచేతి వెనక, బొబ్బలు లేచి చర్మం పెళుసుబారుతుంది. చేలో పనిచేసే మనిషి ఎండకు కాలిందనుకుని ఊరుకుంటాడు. డాక్టరుకు చూపించాల్సిన బొబ్బలవి.

మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణం కిడ్నీలు చెడినవాళ్లలో చాలాసార్లు 60 నుంచి 90 రోజులకే పోతుంది. దీనికి నీళ్ల బెడద తోడు. ఒక్క విడత డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల నీళ్లు పడతాయి. వాటిలో క్లోరమిన్ మిగిలితే కణాలు పగులుతాయి. అల్యూమినియం ఉంటే హీమ్ తయారీయే కుంటుపడుతుంది. ఫ్లోరైడ్ బెడద వేరే రకమైనా మన ప్రాంతంలో దాన్ని వదిలేసి మాట్లాడలేం. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్‌ను ఒప్పుకుంటారు, డయాలసిస్ నీళ్లలో 0.2 దాటకూడదు. ఆ నీళ్లకూ రక్తానికీ మధ్య ఉండేది పల్చటి పొర ఒక్కటే. 1993లో షికాగోలో నీళ్లు శుద్ధిచేసే యంత్రం సరిగా పనిచేయక ఫ్లోరైడ్ రక్తంలోకి చేరి ముగ్గురు చనిపోయారు. బోరు నీళ్లు వాడే సెంటర్లో ఆర్‌వో ప్లాంటు నీళ్లను ఎప్పుడు పరీక్ష చేయించారో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

హిమోగ్లోబిన్‌ను 10 నుంచి 11.5 మధ్య ఉంచితే చాలు. మందులతో 13 దాటిస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. రక్తం ఎక్కించమని కుటుంబమే పట్టుబట్టడం మామూలే. కానీ కిడ్నీ మార్పిడి ఆలోచన ఉన్నవాళ్లకు ప్రతి సీసా వల్లా పరాయి కిడ్నీని తిప్పికొట్టే యాంటీబాడీలు పెరగొచ్చు. మన దేశంలో 2022లో అనుమతి పొందిన డెసిడుస్టాట్ అనే మాత్ర ఒంటిచేత ఎరిత్రోపోయిటిన్ చేయిస్తుంది, హెప్సిడిన్‌నూ తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టే జబ్బు, క్యాన్సర్ ఇదివరకు వచ్చినవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.