ఇంటి ఫైళ్లు మనవల దాకా చేరాలంటే

పెళ్లి వీడియో సీడీలు బీరువా అరలో ఉంటాయి. పిల్లల చిన్ననాటి ఫొటోలు ఛార్జింగ్ ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. అమ్మమ్మ గొంతు వాట్సాప్‌లో, తాతగారు డీటీపీ సెంటర్లో టైపు చేయించుకున్న జీవితకథ ఏదో పెన్‌డ్రైవ్‌లో. అన్నీ ఇంట్లోనే ఉన్నాయన్న ధీమాతో ఉంటాం. మరో ఇరవై ఏళ్లకు వీటిలో ఎన్ని తెరుచుకుంటాయన్నదే అసలు ప్రశ్న.

పెన్‌డ్రైవ్‌లో సమాచారం సూక్ష్మమైన విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పడేస్తే ఆ ఆవేశం మెల్లగా సడలిపోతుంది. ఇంట్లో రాసుకునే సీడీ, డీవీడీలలో ఉండేది రంగు పూత. ఎండకూ వేడికీ తేమకూ అది పాడవుతుంది. హార్డ్‌డిస్క్‌లో తిరిగే భాగాలు అరుగుతాయి, ఒక్కసారి కింద పడితే చాలు, పాడైపోవచ్చు. అందుకే ఎంత ఖరీదైనది కొన్నా ఏదో ఒక్క పరికరాన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంటర్నెట్‌లో దాచుకున్నవి శాశ్వతం అనుకోవడానికీ లేదు. ఒకప్పుడు మన కుర్రకారంతా ఉన్న సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను అందులోని మెయిళ్లు, ఫొటోలతో సహా తొలగించవచ్చని గూగుల్ నియమం పెట్టుకుంది. ఇక గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉంది కదా అని ఫోన్లో ఫొటో చెరిపేస్తే, చాలాసార్లు అది అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో అరవై రోజులు ఉంటుంది, ఆ తర్వాత దొరకదు.

మన పూర్వుల గ్రంథాలు నేటికీ మిగిలాయంటే తాటాకు గట్టిదని కాదు. ఆకు శిథిలమయ్యేలోపు ఎవరో కూర్చుని కొత్త ఆకుల మీద మళ్లీ రాశారు. డిజిటల్ ఫైలుకూ అదే పద్ధతి. ప్రతిదానికీ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట ఉండాలని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. మన కుటుంబాలకు ఇది కష్టమేమీ కాదు. అమ్మానాన్నలు విజయవాడలో, కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డాలస్‌లో ఉన్న ఇళ్లు ఎన్ని లేవు! ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒకటి, వచ్చివెళ్లే పిల్లల చేత పంపిన డిస్క్‌లో మరొకటి ఉంచుకోవచ్చు. ఏటా సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు డిస్క్ తెరిచి నాలుగు ఫైళ్లు ఆడించి చూడండి. నాలుగైదేళ్లకోసారి కొత్త డిస్క్‌లోకి మార్చండి.

వాట్సాప్ సంగతి విడిగా చెప్పాలి. మామూలుగా పంపితే అది ఫొటోను కుదిస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరాన్నీ ఫైలులోంచి తీసేస్తుంది. దాచదగిన ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి. వాయిస్ మెసేజ్‌లైతే ఆండ్రాయిడ్ ఫోన్లో ‘పీటీటీ-20190114-డబ్ల్యూఏ0007’ లాంటి పేరుతో పడి ఉంటాయి. అందులోని అంకెలు 2019 జనవరి 14 అని చెబుతున్నాయి. మాట్లాడింది ఎవరో, దేని గురించో ఆ పేరులో లేదు. దాన్ని బయటికి కాపీ చేసి ‘2019-01-14 అమ్మమ్మ, అరిసెల పాకం’ అని పేరు మారిస్తే రాబోయే తరాలకు అది దొరుకుతుంది. సంవత్సరం, నెల, తేదీ వరసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

తెలుగు రాతలకు మరో గండం ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో టైపు చేసేవారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటుంది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తాతగారి జీవితకథ పిచ్చి గుర్తుల వరసలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ సాఫ్ట్‌వేర్, ఆ ఫాంట్లు ఉన్న సెంటర్ ఇంకా మీ ఊళ్లో ఉంటే ఇప్పుడే వెళ్లి పీడీఎఫ్ చేయించండి. పీడీఎఫ్ చూపుకు బాగుంటుంది కానీ లోపల అక్షరాలు పాత సంకేతాలే, వెతికితే మాట దొరకదు. కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి కూడా మార్పించండి. మార్చే సాధనాలు వత్తుల దగ్గర తడబడుతుంటాయి గనుక ఇంట్లో తెలుగు బాగా వచ్చినవాళ్లు ఒకసారి దిద్దాలి.

వేల ఫొటోలు మొత్తం దాచాల్సిన పని లేదు. ఏడాదికి వంద ఏరండి. ఏరని గుట్టను మనవలు తెరిచి కూడా చూడరు. ఏరినవాటికి పేర్లు రాయడం మాత్రం మానవద్దు. పాత గ్రూప్ ఫొటోలో మూడో వరసలో ఉన్నది ఎవరో చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఒకరిద్దరే ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని, ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, వాళ్లు చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి. ఆ పేర్లు టైపు చేసి ఫొటోలున్న ఫోల్డర్‌లోనే పెట్టండి. నా దృష్టిలో హార్డ్‌డిస్క్ కొనడం కన్నా ఇది తొందర పని. డిస్క్ రేపైనా దొరుకుతుంది.

చివరిగా తాళాల మాట. బ్యాంకు ఖాతాకు నామినీని రాస్తాం గానీ ఫొటోలున్న ఖాతాకు రాయం. గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’, యాపిల్‌లో ‘లెగసీ కాంటాక్ట్’ ఉన్నది ఇందుకే. మన తర్వాత ఎవరికి అందాలో వాటిలో ముందే చెప్పొచ్చు. ఇంట్లో పెద్దవారు పోతే వారి సిమ్‌కు రీచార్జి వెంటనే ఆపకండి. ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. రీచార్జి లేకపోతే కొన్నాళ్లకు నంబరు రద్దయి, వేరొకరి చేతికి పోవచ్చు. ఫొటోలు, ఉత్తరాలు, రికార్డింగులు బయటికి తీసి మూడు చోట్ల పెట్టుకున్నాకే ఆ నంబరు వదులుకోండి.