కొత్త కెమెరాలో ఫొటోలు పసుపుగా వస్తున్నాయా? సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తే ముందు ఈ సెట్టింగ్ చూడండి!

ముచ్చటపడి కొత్త కెమెరా కొన్నారు. తీరా ఇంట్లో పెళ్లికి తీస్తే తెల్లటి మధుపర్కాలు పసుపుగా, ముఖాలు నారింజ రంగులో వచ్చాయి. కెమెరా పాడైందనుకోకండి. చాలాసార్లు తేడా వైట్ బ్యాలెన్స్‌లోనే ఉంటుంది.

మన కళ్లు ఏ లైటు కిందైనా తెలుపును తెలుపుగానే చూస్తాయి. కెమెరాకు అది చెప్పాలి. పాతకాలం బల్బు వెలుతురు దాదాపు 2,700 కెల్విన్ అయితే, మధ్యాహ్నం ఎండ 5,500 దగ్గర ఉంటుంది. ఆటో మోడ్ చేసేది అంచనా మాత్రమే. హల్దీ ఫంక్షన్‌లో ఫ్రేమ్ నిండా పసుపే ఉంటే ఆ అంచనా తప్పి, ఫొటో నీలంగా మారే ఛాన్స్ ఉంది.

మరేం చేయాలి? అదే లైటు కింద గ్రే కార్డును, లేదంటే తెల్ల కాగితాన్ని ఫ్రేమ్ నిండా ఫొటో తీసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా సెట్ చేయండి. లైటు మారితే మళ్లీ చేయాల్సిందే. స్టేజీపై రంగురంగుల ఎల్‌ఈడీలుంటే ఇది కూడా పూర్తిగా పనిచేయదు. అప్పుడు రా ఫార్మాట్‌లో తీయడమే సేఫ్. రంగులు తర్వాత చాలావరకు సరిచేసుకోవచ్చు, జేపెగ్‌లో ఆ వీలు తక్కువ. ఫొటో కోసం తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా!

సెట్టింగ్స్ రీసెట్ చేసి, పగటి ఎండలో డేలైట్ మోడ్‌లో తీసినా రంగు తేడాగానే ఉందా? అప్పుడు వారంటీ కార్డు బయటకు తీయండి.