ఐర్లండు దేశము – విమాన వాణిజ్యము

శంషాబాదులోనో గన్నవరములోనో విమానమెక్కి లోపల అడుగు పెట్టునపుడు ద్వారబంధమువైపు ఒకమారు పరికించి చూచినచో, తరచుగా అచ్చట చిన్న లోహపు రేకు ఒకటి కనబడును. మనము టిక్కెట్టు కొన్న కంపెనీ ఆ విమానమునకు యజమాని కాదనియు, వేరొకరి సొత్తును అద్దెకు తెచ్చుకొని నడుపుచున్నదనియు ఆ రేకు తెలుపును. ఆ అసలు యజమాని నివాసమెక్కడ అని విచారించినచో, పెక్కుమార్లు సమాధానము ఐర్లండు అని వచ్చును.

2022 జనాభా లెక్కల ప్రకారము ఐర్లండు గణతంత్రము జనసంఖ్య 51 లక్షలు. మన హైదరాబాదు నగరములోనే అంతకంటె ఎక్కువమంది గలరు. అట్టి చిన్న దేశమునుండి, ప్రపంచమున అద్దెకు తిరుగు విమానములలో సగమునకు పైగా నిర్వహింపబడుచున్నవి. విమానములను తయారుచేయు గొప్ప కర్మాగారము అచ్చట లేదు. చమురు బావులు లేవు. మరి ఇది ఎట్లు సాధ్యమైనది?

ఐరోపా పటమును ఎదుట పరచుకొని చూడుడు. ఖండమునకు పడమటి కొసను, అట్లాంటిక్ మహాసముద్రములోనికి చొచ్చుకొని ఉన్న దీవి ఐర్లండు. అమెరికానుండి గాలిలో వచ్చువానికి మొదట తగులు నేల అదే. 1919 జూన్ 14న ఆల్కాక్, బ్రౌన్ అను ఇరువురు వైమానికులు న్యూఫౌండ్లాండు దీవినుండి బయలుదేరి, ఎచ్చటను ఆగక సుమారు 16 గంటలు ఎగిరి, మరునాటి ఉదయము ఐర్లండు పడమటి తీరమున క్లిఫ్డెన్ సమీపమున దిగిరి. పైనుండి పచ్చని మైదానమువలె కనబడినది తీరా దిగిన తరువాత ఊబినేల అయ్యెను. విమానము ముక్కు బురదలో కూరుకుపోయినది, వారికి మాత్రము ప్రాణాపాయము కలుగలేదు. వారు దిగిన చోటు ప్రక్కనే మార్కొనీ నెలకొల్పిన నిస్తంత్రీ వార్తాకేంద్రము ఉండెను. మేము రేడియోవారమగుటచేత ఈ చిన్న సంగతిని విడిచిపెట్టలేకపోయితిమి.

ఆ తరువాత రెండు దశాబ్దములకు సముద్రముపై ప్రయాణికుల రాకపోకలు ఆరంభమయ్యెను. ఆనాటి పెద్ద విమానములకు చాలినంత గట్టి రన్‌వేలు అంతటను లేకుండుటచేత, నీటిపై దిగి నీటిపైనుండి లేచు ఎగిరే పడవలను వాడిరి. షానన్ నది సముద్రమున కలియు విశాలమైన ముఖద్వారమున ఫోయిన్స్ అను పల్లె ఈ ఎగిరే పడవలకు రేవైనది. 1939లో పాన్ అమెరికన్ కంపెనీవారి విమానము అచ్చట దిగెను. వాతావరణము బాగులేక మార్గమధ్యమునుండి తిరిగివచ్చిన ప్రయాణికులు చలికి వణకుచుండగా, జో షెరిడన్ అను వంటవాడు కాఫీలో విస్కీ కలిపి, పైన మీగడ వేసి ఇచ్చెననియు, అదియే నేడు లోకమంతట ఐరిష్ కాఫీ అను పేర చెలామణి యగుచున్నదనియు చెప్పుదురు.

యుద్ధము ముగియుసరికి ఎగిరే పడవల కాలము చెల్లిపోయినది. ఏటికి ఆవలి ఒడ్డున క్లేర్ జిల్లాలో షానన్ విమానాశ్రయము సిద్ధమైనది. 1945 అక్టోబరునుండి నేలపై దిగు విమానములు ఈ దారిన క్రమము తప్పక అట్లాంటిక్‌ను దాటసాగినవి. అప్పటి పంకా విమానములు మహాసముద్రమును దాటవలెనన్న పెట్రోలు నింపుకొనక తప్పదు. కనుక అటుపోవునవి, ఇటువచ్చునవి పెక్కు షానన్‌లో ఆగెడివి. దిగిన ప్రయాణికులకు ఒకటి రెండు గంటలు తోచుబడి ఉండెడిది కాదు. అచ్చటి భోజనశాలల అధికారి బ్రెండన్ ఓరీగన్ ఈ సంగతిని గమనించెను. ఈ ప్రయాణికుడు ఒక దేశమును విడిచినాడు, మరియొక దేశములో ఇంకను ప్రవేశింపలేదు. అట్టివానికి అమ్ము వస్తువుపై ఎవరి సుంకము ఎందుకు? ఐర్లండు ప్రభుత్వము 1947లో ఇందుకొరకు ప్రత్యేకముగా చట్టము చేసినది. నేడు ప్రతి అంతర్జాతీయ విమానాశ్రయమునందును కనబడు సుంకములేని అంగడి పుట్టినది అచ్చటనే.

ఇంతవరకు ఐర్లండునకు కలిసివచ్చినది దాని స్థానము. అయితే స్థానబలము శాశ్వతము కాదు. 1958 ప్రాంతమున జెట్ విమానములు వచ్చినవి. న్యూయార్కులో లేచిన జెట్ విమానము పారిసులోనో రోములోనో దిగగలదు. షానన్‌లో పెట్రోలు ఎవరికి కావలెను? వంటవారు, సామాను మోయువారు, అంగడి గుమాస్తాలు, చుట్టుప్రక్కల ఊళ్ళవారు దిక్కుతోచని స్థితిలో పడిరి. ప్రభుత్వము ఒక ఉపాయము చేసెను. ఐర్లండుకు వచ్చు అట్లాంటిక్ విమానములు షానన్‌లో ఆగియే తీరవలెనని ఒక నిబంధన నడచినది. డబ్లిన్ వెళ్ళవలసినవారు గొణుగుకొనుచునే దిగి ఎక్కుచుండిరి. 1993లో సడలి, 2008లో తొలగిపోవువరకు ఈ నిబంధన ఏదో ఒక రూపమున సాగినది. నిబంధనలవలన బ్రదుకు కొంతకాలము మాత్రమే సాగునని ఓరీగన్ ఎరుగును. విమానము ఆగకున్నను, సరకు ఆగునట్లు చేయవలెనని ఆయన తలపోసెను. 1959లో విమానాశ్రయమును ఆనుకొని సుంకములేని పారిశ్రామిక మండలము వెలసినది. ముడిసరకు గాలిలో వచ్చును, అచ్చటనే వస్తువై, సుంకము లేకుండ మరల గాలిలో పోవును. పనివారికొరకు ఒక క్రొత్త పట్టణమే నిర్మించిరి. 1965లో మన కాండ్లాలో ఏర్పడిన మండలమును, విశాఖపట్నము చెంత దువ్వాడలోని మండలమును ఆ కోవకు చెందినవే. చైనా నాయకుడు జియాంగ్ జెమిన్, ఆ పదవికి రాకమునుపు, 1980లో షానన్‌కు వచ్చి ఈ పద్ధతిని అభ్యసించిపోయెను.

విమానములు దిగకపోయినను షానన్ పేరు గాలిలో నిలిచియున్నది. తీరము విడిచి దూరము పోయిన విమానమునకు మామూలు రేడియో అందదు. ఆ తరంగములు సూటిగా సాగి, భూమి వంపు దాటి పోలేవు. షార్టువేవ్ తరంగములు అయనావరణమునకు తగిలి క్రిందికి మరలును గనుక నడిసముద్రమునను వినబడును. క్లేర్ జిల్లాలో బాలిగిరీన్ అను చోటనున్న రేడియో కేంద్రము దశాబ్దములుగా అట్లాంటిక్‌పై ఎగురు విమానములతో ఈ విధముగా సంభాషించుచు వచ్చినది. ఉపగ్రహములు వచ్చిన తరువాత మాటలు తగ్గినవి గాని, ఐరోపా అమెరికాల నడుమ తిరుగు విమానములలో అత్యధిక భాగము ఐర్లండు గగనమును దాటియే పోవలెను.

మన దేశమువారు మరువరాని ఉదయము ఒకటి ఆ గగనముతో ముడిపడియున్నది. 1985 జూన్ 23న మాంట్రియల్‌నుండి లండను మీదుగా రావలసిన ఏర్ ఇండియా వారి 'కనిష్క' షానన్ నియంత్రణలో ఎగురుచుండగా రాడారు తెరమీదనుండి హఠాత్తుగా మాయమైనది. బాంబు ప్రేలుడువలన 329 మంది మరణించిరి. ఐరిష్ నౌకాదళమువారును, చుట్టుప్రక్కల నావికులును వెదకి తెచ్చిన 131 మృతదేహములను కార్క్ నగరమునకు చేర్చిరి. ఆ తీరమున అహకిస్టా అను పల్లెలో స్మారక చిహ్నము గలదు. ఏటేట జూన్ 23న మృతుల బంధువులు, గ్రామస్థులు అచ్చట కూడుదురు.

ఇక విమానముల అద్దె సంగతి. ఐర్లండు ప్రభుత్వము 1936లో ఏర్ లింగస్ అను కంపెనీని స్థాపించెను. ఆ సంవత్సరము మే 27న 'ఇయోలర్' (గరుడపక్షి అని అర్థము) అను చిన్న విమానములో అయిదుగురు ప్రయాణికులతో బ్రిస్టల్‌కు తొలి ప్రయాణము సాగెను. డబ్లిన్ విమానాశ్రయము 1940లో తెరచిరి. 1970లో ఈ కంపెనీ బోయింగ్ 747 మహావిమానములను కొనసాగెను. అంతలో ఉత్తర ఐర్లండులో కలతలు చెలరేగి యాత్రికులు తగ్గిపోయిరి. అంత పెద్ద విమానమును నేలపై నిలిపియుంచుటకంటె నష్టము వేరొకటి లేదు. అప్పుడు ఒకదానిని థాయిలాండులోని ఏర్ సియాము కంపెనీకి అద్దెకిచ్చి, ఆ వ్యవహారమును చూచుటకు టోనీ రయన్ అను ఉద్యోగిని పంపిరి. ఆయన రైలు ఇంజను డ్రైవరు కుమారుడు. ఒక మూల పనిలేక పడియున్న విమానము మరియొక మూల ఎంతో అవసరమగునని ఆయన స్వయముగా చూచెను. 1975లో ఏర్ లింగస్, ఒక లండను ఆర్థిక సంస్థ తనతో చేరగా, షానన్‌లో జి.పి.ఏ. అను అద్దె కంపెనీని ఆరంభించెను.

దమ్ముల కాలమున ట్రాక్టరు అద్దెకు తెచ్చుకొను రైతును తలచుకొన్నచో ఈ వ్యాపారము సులభముగా బోధపడును. క్రొత్త విమానము కొనుటకు వందలకోట్ల రూపాయలు కావలెను. అంత పెట్టుబడి లేని కంపెనీ నెలకు కొన్ని లక్షల డాలర్ల అద్దె చెల్లించి దానిని నడుపుకొనును. గడువు తీరిన తరువాత యజమాని దానిని తెచ్చుకొని మరియొక దేశమునకు ఇచ్చును. విమానము జీవితకాలము పాతిక సంవత్సరములనుకొన్నచో, ఆ కాలములో అది మూడు నాలుగు దేశముల రంగులు పూసుకొనవచ్చును. ఇందులో నేర్పంతయు పత్రములలో ఉన్నది: ఏ ఇంజను ఎన్ని గంటలు తిరిగినది, ఏ భాగము ఎప్పుడు మార్చిరి, అద్దె ఎగవేసినచో ఏ దేశపు న్యాయస్థానమునకు పోవలెను. ఈ నేర్పుగల న్యాయవాదులు, లెక్కల నిపుణులు, ఇంజనీర్లు షానన్‌లోను డబ్లిన్‌లోను తయారైరి. తక్కువ పన్ను, 70కి పైగా దేశములతో పన్ను ఒప్పందములు వారికి తోడ్పడినవి. మన దేశముతోను అట్టి ఒప్పందము గలదు.

జి.పి.ఏ. 1989లో ఒక్కసారిగా మూడువందలకు పైగా విమానములకు ఆర్డరిచ్చెను. అది అతి సాహసము. గల్ఫ్ యుద్ధము తరువాత ప్రయాణములు మందగించెను. 1992లో వాటాల విక్రయము విఫలమై కంపెనీ కూలిపోవుదశకు వచ్చినది. ఒక అమెరికను సంస్థ ఆదుకొన్నది. కాని అచ్చట పని నేర్చినవారు చెల్లాచెదరై తలకొక కంపెనీ పెట్టిరి. జి.పి.ఏ. వారసత్వము నేడు డబ్లిన్‌లోని ఏర్‌క్యాప్ కంపెనీలో చేరియున్నది. ప్రపంచములో దానికంటె పెద్ద విమానపు అద్దె కంపెనీ లేదు.

రయన్ కుటుంబముదే మరియొక సాహసము, 1985లో వాటర్‌ఫర్డ్‌నుండి లండనుకు 15 సీట్ల విమానముతో మొదలైన రయన్ ఏర్. చౌక టిక్కెట్లతో అది ఐరోపాలో అగ్రస్థానమునకు చేరి, 2025 మార్చితో ముగిసిన సంవత్సరములో 20 కోట్ల మందిని చేరవేసినది. ఈ రద్దీ డబ్లిన్‌కు తలనొప్పి తెచ్చినది. 2007లో రెండవ టెర్మినలుకు అనుమతి ఇచ్చునపుడు ఏటా 3 కోట్ల 20 లక్షల మందిని మించరాదని షరతు పెట్టిరి. 2022లో క్రొత్త రన్‌వే తెరచిరి. 2024లో ఆ సంఖ్య దాటిపోయినది. రాత్రి చప్పుడుకు నిద్రలేని పరిసరవాసులు ఒకవైపు, విమాన కంపెనీలు మరొకవైపు న్యాయస్థానములకెక్కిరి. 2024 నవంబరులో డబ్లిన్ హైకోర్టు పరిమితి అమలును తాత్కాలికముగా నిలిపినది. 2025లో ఏర్పడిన ప్రభుత్వము దానిని తొలగింతుమని తన కార్యక్రమమున చేర్చినది. 2024లో షానన్‌కు వచ్చినవారు సుమారు 20 లక్షలే. డబ్లిన్‌లో ఇరుకు, షానన్‌లో ఖాళీ – ఈ సమస్యకు తెరపు ఇంకను దొరకలేదనియే మా అభిప్రాయము.

అద్దె వ్యాపారమునకు గండములు లేకపోలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వచ్చినపుడు ఏర్‌క్యాప్ వారివి నూటికి పైగా విమానములు రష్యాలో చిక్కుకొన్నవి. 2023 మే నెలలో మన గో ఫస్ట్ కంపెనీ దివాలా రక్షణ కోరి విమానములను నిలిపివేసెను. యజమానులు తమ విమానములను తాము కొనిపోవుదుమనిరి. దివాలా చట్టము ప్రకారము ఎవరును ఏ ఆస్తిని ముట్టరాదని అడ్డు వచ్చినది. విమానము నిలిచియున్నను తుప్పు ఆగదు. ఇంజనును ఒక విమానమునుండి తీసి వేరొక దానికి బిగింపవచ్చును. కనుక యజమానులకు ప్రతి దినము నష్టమే. 2024 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టు ఆ 54 విమానముల రిజిస్ట్రేషను రద్దు చేయవలసినదిగా ఆదేశించినది.

ఇందువలన మనకేమి నష్టమని పాఠకులు అడుగవచ్చును. మన దేశమున ఎగురు విమానములలో నాలుగింట మూడువంతులకు పైగా అద్దెవే. ఇచ్చిన విమానము తిరిగి వచ్చునన్న నమ్మకము లేనిచోట యజమాని అద్దె పెంచును, ఆ పెంపు టిక్కెట్టులోనికి దిగును. విమానముల హక్కులను గూర్చిన కేప్‌టౌన్ ఒడంబడికలో మన దేశము 2008లోనే చేరినను, దానికి తగిన చట్టము 2025లోగాని పార్లమెంటులో నెగ్గలేదు. ఇంతలో గుజరాతులోని గిఫ్ట్ సిటీలో మనవారును ఈ వ్యాపారమునకు పూనుకొనిరి. 2023లో ఏర్ ఇండియా తన మొదటి ఏ350 విమానమును ఆ మార్గముననే తెచ్చుకొన్నది.