వరద లెక్కలో గ్రామము పాలు

వానకాలములో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా నదీతీర గ్రామములవారి దృష్టి భద్రాచలము వద్ద గోదావరి మట్టము మీదనే యుండును. అచట 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడును. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది. కాని భద్రాచలము వద్ద ఇన్ని అడుగులున్నచో మన ఊరిలో ఏ వీధికి నీరు వచ్చును? దీనిని ముందుగా చెప్పుటకే గణితము అక్కరకు వచ్చును.

వరద పది మీటర్ల లోతున్నను, కిలోమీటర్ల పర్యంతము పరచుకొనును గనుక శాస్త్రజ్ఞులు దానిని పలుచని నీటిపొరగా ఎంచెదరు. ఇట్టి ప్రవాహమునకు ఫ్రెంచి ఇంజనీరు సెంట్ వెనాంట్ 1871లో సూత్రములను ప్రకటించెను. వాని సారమిది: ఒకచోటికి వచ్చిన నీటిలో పోయినది పోగా మిగిలినది మట్టమును పెంచును, వాలు నీటికి వేగమిచ్చును, నేల, చెట్టు, పొద ఆ వేగమును తగ్గించును.

ఈ లెక్క కొరకు నదిని, తీరభూములను పటముపై గడులుగా విభజింతురు. ప్రతి గడికి నేల ఎత్తు, నీటి లోతు, వేగము గుర్తింతురు. పక్క గడులకు పోయిన నీటిని, వచ్చిన నీటిని కంప్యూటరు క్షణక్షణము లెక్కించును. పది మీటర్ల లోతు నీటిలో అల సెకనుకు సుమారు పది మీటర్లు సాగును. కావున సాధారణ పద్ధతిలో నూరు మీటర్ల గడికి పది సెకన్లకు మించిన అంగ వేసినచో లెక్క చెడును. ఈ నియమమును 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అను గణితజ్ఞులు వెల్లడించిరి. పది సెకన్ల అంగయైనను ఒక్క దినమునకు 8,640 మారులు లెక్కింపవలెను.

ఇంత శ్రమ యెందులకు? బూర్గంపాడు ప్రాంతమున కిన్నెరసాని గోదావరిలో కలియును. గోదావరి ఉప్పొంగినపుడు కిన్నెరసాని నీరు పోవు దారి లేక ఎగదన్నును. ఊరిలో చినుకు పడకున్నను పొలములు మునుగవచ్చును. గడుల లెక్క దీనిని చూపగలదు.

అయితే నేల ఎత్తు తప్పినచో లెక్కయు తప్పును. కొత్తగా వేసిన రోడ్డుకట్ట, పూడిన తూము, ఆక్రమింపబడిన వాగు నీటి దారిని మార్చును. ఇవి ముందుగా తెలియునది ఊరివారికే. కావున పంచాయతీ సభ్యులు గత వరద ఎంతవరకు వచ్చినదో బడి గోడపై గీత గీయించి, తేదీని, ఆనాటి భద్రాచలము మట్టమును దానిప్రక్క వ్రాయింపవలెను. ఆ వివరములను, మారిన కట్టలను, తూములను నీటిపారుదల ఇంజనీర్లకు తెలుపవలెను. లెక్క సరియైనదో కాదో ఆ గీతయే తేల్చును.

ఏ లెక్కయు అంగుళము తప్పకుండ చెప్పజాలదు. గీత వరకు నీరు వచ్చునని వేచియుండక, పల్లపు ఇండ్లవారిని, వృద్ధులను, పశువులను వెలుగుండగనే మెరకకు చేర్చుట మన కర్తవ్యము.